టీనేజ్ పిల్లలతో స్నోమొబైల్ మీద ఐదు రోజుల ప్రయాణం: సన్నాహం నుంచి తిరుగు దారి దాకా సమగ్ర మార్గదర్శి

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ వంటి ఊళ్లలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు చలికాలం దగ్గరపడగానే నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. పదిహేనేళ్ల పిల్లనో పిల్లవాడినో వెంటబెట్టుకుని ఒక పూట స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీద తిరిగి రావడం కాదు, రాత్రికొక చోట బస చేస్తూ నాలుగైదు రోజులు పర్యటించి రావాలంటే ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నదే ఆ ప్రశ్న.

ఉదాహరణగా మిషిగన్ ఉత్తర భాగంలోని కీవినా ద్వీపకల్పాన్ని తీసుకుంటున్నాను. అక్కడివారు తమ ప్రాంతాన్ని ‘యూపీ’ (అప్పర్ పెనిన్సులా) అంటారు కాబట్టి, ఇండియాలోని బంధువులకు ఫోన్‌లో చెప్పేటప్పుడు లక్నో వైపు వెళ్తున్నామనుకోకుండా చూసుకోవాలి. మా అమ్మాయితో రెండు చలికాలాలు నేను తిరిగిన దారి అదే.

మొదటే ఒక లెక్క చెప్పాలి. రోజుకు ఎన్ని మైళ్లు వెళ్లాలన్నది పిల్లల మొదటి గంట ఉత్సాహాన్ని చూసి కాకుండా చివరి గంట అలసటను చూసి నిర్ణయించాలి. దారి, బండి, బట్టలు, తిండి, బస, అన్నీ ఆ చివరి గంట చుట్టూనే అమర్చుకోవాలి.

1. చట్టం, అనుమతులు: రెండు నెలల ముందే ముగించవలసిన పని

మిషిగన్‌లో 12 ఏళ్లు నిండి 17 ఏళ్లు నిండని వారు స్నోమొబైల్ నడపాలంటే భద్రతా శిక్షణ ధ్రువపత్రం ఉండాలి, లేదా పెద్దల ప్రత్యక్ష పర్యవేక్షణలో నడపాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ‘నేను వెంటే ఉంటాను కదా’ అని ధ్రువపత్రం సంగతి వదిలేస్తారు. అయితే ఈ వయసు వారు రహదారిని గాని వీధిని గాని దాటాలంటే ఆ ధ్రువపత్రం తప్పనిసరిగా తమ దగ్గర ఉండాలి. ట్రైల్ (స్నోమొబైళ్లు తిరిగే మంచు దారి) పదేపదే రోడ్లను దాటుతూనే పోతుంది కాబట్టి, అది లేకుండా బహుదిన పర్యటన కుదరదు.

శిక్షణను ఆన్‌లైన్‌లో పూర్తి చేయవచ్చు. పిల్లలతోపాటు మీరూ చేయండి. చట్టం మిమ్మల్ని అడగకపోవచ్చు, కానీ ఇద్దరికీ ఒకే చేతి సంకేతాలు, ఒకే మాటలు వచ్చి ఉండడం దారిలో చాలా పనికొస్తుంది.

ప్రభుత్వ ట్రైల్స్ మీద తిరగాలంటే ప్రతి బండికీ ట్రైల్ పర్మిట్ స్టిక్కర్ ఉండాలి. ఇది రిజిస్ట్రేషన్‌కు అదనం. హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి. మిషిగన్‌లోని 6,000 మైళ్లకు పైబడిన స్నోమొబైల్ ట్రైల్స్‌ను డిసెంబర్ 1 నుంచి మార్చి 31 వరకు మాత్రమే చదును చేసి నడుపుతారు. విస్కాన్సిన్ సరిహద్దు దాటితే వయసు నిబంధనలు, పర్మిట్లు మారిపోతాయి కాబట్టి తొలి పర్యటనను ఒకే రాష్ట్రంలో ముగించడం మంచిది.

సరిచూసుకునే జాబితా:

- పిల్లల భద్రతా ధ్రువపత్రం: ముద్రించిన ప్రతి ఒకటి జేబులో, ఫొటో ఇద్దరి ఫోన్లలో
- రెండు బండ్లకూ రిజిస్ట్రేషన్, ట్రైల్ పర్మిట్
- ఆరోగ్య బీమా కార్డు, బండి బీమా పత్రం
- రెండో తల్లి లేదా తండ్రి వెంట రాకపోతే, వైద్య చికిత్సకు వారి అంగీకారం తెలిపే సంతకం చేసిన కాగితం

2. తేదీలు, దారి

జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు మంచు నమ్మదగినట్టు ఉంటుంది. డిసెంబర్‌లో కింది పొర గట్టిపడి ఉండదు, మార్చిలో మధ్యాహ్నానికి ట్రైల్ మెత్తబడుతుంది. ఫిబ్రవరి మూడో సోమవారం వచ్చే ప్రెసిడెంట్స్ డే సెలవులకు ట్రైల్స్ మీద జాతర లాంటి రద్దీ ఉంటుంది. స్కూలు సెలవులు కూడా అప్పుడే కావడం మన దురదృష్టం. ఒకటి రెండు రోజులు బడి మానిపించి అయినా ఆదివారం నుంచి గురువారం వరకు వెళ్లడమే మేలని నా అభిప్రాయం. కొత్తగా నడిపే పిల్లలకు ఎదురు నుంచి వేగంగా వచ్చే గుంపుల కంటే పెద్ద ప్రమాదం వేరే లేదు.

డెట్రాయిట్ నుంచి హాటన్ పట్టణం సుమారు 550 మైళ్లు. ట్రైలర్ లాగుతూ వెళ్తే పూర్తిగా ఒక రోజు పడుతుంది. దారిలోని మాకినా వంతెన 5 మైళ్ల పొడవు ఉంటుంది, గాలి ఎక్కువైతే ట్రైలర్ ఉన్న వాహనాలపై ఆంక్షలు పెడతారు. అందుచేత బయలుదేరే ఉదయమే వంతెన పరిస్థితి చూసుకోవాలి.

నేను సూచించే అమరిక ఇది:

- మొదటి రోజు: హాటన్‌కు దక్షిణాన ఎం-26 రహదారి మీద 26 మైళ్ల దూరంలో ఉన్న ట్విన్ లేక్స్‌లో కారు, ట్రైలర్ వదిలి, 3వ నంబర్ ట్రైల్ మీద హాటన్ చేరడం. ఇది పాత రైలు మార్గం మీద వేసిన ట్రైల్ కాబట్టి వంపులు, ఎత్తుపల్లాలు తక్కువ. చేయి కుదుర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి దొరకదు.
- రెండో రోజు: పోర్టేజ్ లిఫ్ట్ వంతెన దాటి హాంకాక్, క్యాలుమెట్ మీదుగా కాపర్ హార్బర్. చలికాలంలో ఈ వంతెనను పూర్తిగా కిందికి దించి ఉంచుతారు. కార్లు పై అంతస్తు మీద, స్నోమొబైళ్లు ఒకప్పుడు రైళ్లు నడిచిన కింది అంతస్తు మీద వెళ్తాయి.
- మూడో రోజు: సామాను బసలోనే వదిలి, కాపర్ హార్బర్ చుట్టుపక్కల తిరగడం. బ్రాక్‌వే మౌంటెన్ రోడ్డు చలికాలంలో కార్లకు మూసి ఉంటుంది, స్నోమొబైళ్లు వెళ్తాయి. శిఖరం లేక్ సుపీరియర్ నీటిమట్టానికి సుమారు 720 అడుగుల ఎత్తు. పైన గాలి విపరీతం కాబట్టి పది నిమిషాలు చూసి దిగిపోవాలి.
- నాలుగో రోజు: లాక్ లా బెల్ మీదుగా తిరిగి హాంకాక్ లేదా హాటన్.
- ఐదో రోజు: ట్విన్ లేక్స్, అక్కడ బండ్లు ఎక్కించి రాత్రికి దగ్గరలోనే బస. అదే సాయంత్రం ఇంటికి డ్రైవింగ్ పెట్టుకోవద్దు.

రోజువారీ దూరం మీద ఒక మాట. నేను మొదటి ఏడాది రోజుకు 90 మైళ్లు వేసుకున్నాను. మొదటి 60 మైళ్లు మా అమ్మాయి పాటలు పాడుతూ నడిపింది. చివరి గంటలో చీకటి పడ్డాక హెల్మెట్ స్పీకర్‌లో నేను అడిగిన వాటికి ‘ఊఁ’ తప్ప జవాబు రాలేదు, అద్దంలో చూస్తే తన హెడ్‌లైటు ట్రైల్ మధ్యకు జరుగుతోంది. ఆగి దగ్గరికి వెళ్తే బొటనవేలు థ్రాటిల్ (వేగం పెంచే మీట) మీద నొక్కి ఉంచలేక అరచేతితో నెడుతోందని తెలిసింది. ఆ తర్వాత నుంచి మొదటి రోజుకు 30, మిగిలిన ఏ రోజుకూ 60 మైళ్లకు మించకూడదని నియమం పెట్టుకున్నాం.

లెక్క ఎలా వేయాలంటే, కొత్తవారితో ఆగకుండా నడిచే సగటు వేగం గంటకు 20 నుంచి 25 మైళ్లే ఉంటుంది. 60 మైళ్లకు సుమారు మూడు గంటలు, ఆగిన సమయం కలిపితే ఐదు గంటలు. జనవరి చివర్లో హాటన్‌లో సాయంత్రం 6కు కాస్త ముందే సూర్యాస్తమయం అవుతుంది. ఉదయం పదికి బయలుదేరితే మధ్యాహ్నం మూడుకు బస చేరతారు, ఏదైనా చెడితే బాగుచేసుకోవడానికి వెలుతురు మిగులుతుంది.

3. బండి: సొంతమా, అద్దెనా?

చాలా అద్దె సంస్థలు 18 ఏళ్లు నిండని వారికి బండి ఇవ్వవు. కొన్ని తల్లిదండ్రుల సంతకంతో, డ్రైవింగ్ లైసెన్సు ఉన్న 16 ఏళ్ల వారికి ఇస్తాయి. ఒకచోట ఫోన్‌లో సరేనన్నవారు మేం కౌంటర్ దగ్గర నిలబడ్డాక అమ్మాయి వయసు చూసి కుదరదన్నారు, డిపాజిట్ వెనక్కు రావడానికి నెల పట్టింది. పిల్లల పుట్టిన తేదీని ఈమెయిల్‌లో రాసి, ఇస్తామని జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.

అద్దెకు దొరకకపోతే ఇద్దరు కూర్చునే బండి ఒకటి తీసుకుని వంతులవారీగా నడపవచ్చు, అద్దె ఒప్పందం పిల్లలు నడపడాన్ని అనుమతిస్తేనే. లేకుంటే ఒక పాత బండి కొనడమే దారి.

పిల్లలకు బలమైన ఇంజిన్ అవసరం లేదు. 60 నుంచి 85 హార్స్‌పవర్ ఉన్న ట్రైల్ బండి, ఎలక్ట్రిక్ స్టార్ట్, రివర్స్, హ్యాండిల్ హీటర్, టెథర్ (నడిపేవారు పడిపోతే ఇంజిన్‌ను ఆపే తాడు) ఉంటే చాలు. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ ఫుట్‌బోర్డుల మీద పూర్తిగా ఆనాలి, మోచేతులు కొద్దిగా వంగి ఉండగానే హ్యాండిల్‌ను పూర్తిగా రెండు వైపులా తిప్పగలగాలి. బ్రేక్ లివర్‌ను చేతి వేళ్లు తేలికగా అందుకోవాలి.

తీసుకునే ముందు ఈ వరుసలో చూడండి:

1. ఇంజిన్ ఆపి ఉండగా థ్రాటిల్‌ను నొక్కి వదలండి. టక్కున వెనక్కు రావాలి. నెమ్మదిగా వస్తే ఆ బండి వద్దు.
2. స్కీల (బండి ముందు జారే పలకల) కింద ఉండే కార్బైడ్ కడ్డీలు అరిగి గుండ్రబడ్డాయేమో తడిమి చూడండి. అవి అరిగితే గట్టి మంచు మీద బండి తిరగదు.
3. డ్రైవ్ బెల్ట్ అంచులు పీచులుగా లేచి ఉన్నాయా, అదనపు బెల్ట్ ఉందా చూడండి.
4. ట్రాక్ (బండిని ముందుకు నెట్టే రబ్బరు పట్టీ) లోపలి ప్లాస్టిక్ పట్టాలు అరుగుదల గుర్తు దాటాయా చూడండి.
5. ఐస్ స్క్రాచర్లు ఉన్నాయా అని అడగండి. నీటితో చల్లబడే ఇంజిన్లకు, ట్రాక్ ఎగజిమ్మే మంచే శీతలీకరణ. గట్టిపడిన ట్రైల్ మీద మంచు లేవదు కాబట్టి ఈ తీగలు గీరి మంచుపొడి లేపుతాయి.
6. హెడ్‌లైటు, బ్రేక్ లైటు, కిల్ స్విచ్ (ఇంజిన్‌ను వెంటనే ఆపే మీట), టెథర్ పనిచేస్తున్నాయో లేదో ఇంజిన్ నడుపుతూ పరీక్షించండి.

4. బట్టలు

సున్నా డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్, అక్కడ మామూలు ఉదయం. ఆ చలిలో గంటకు 40 మైళ్ల గాలి తగిలితే చర్మానికి అది మైనస్ 29 ఫారన్‌హీట్‌తో సమానం, కప్పని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. మెడ, మణికట్టు, హెల్మెట్‌కు జాకెట్‌కు మధ్య అంగుళం సందు, ముందుగా దెబ్బతినేవి ఇవే.

ఒంటికి ఆనే పొర ఊలుదో పాలిస్టర్‌దో కావాలి, నూలు ఎంతమాత్రం కాదు. టీనేజ్ పిల్లలు లోపల కాటన్ హుడీ వేసుకుని వచ్చేస్తారు. అది చెమటకు తడిసి ఆరదు, మధ్యాహ్నానికి వీపంతా ఐస్ పెట్టినట్టవుతుంది. రెండో పొర ఫ్లీస్, మూడోది గాలి, నీరు చొరని జాకెట్, ఛాతీ వరకు వచ్చే బిబ్ ప్యాంటు.

సరిచూసుకునే జాబితా, ఒక్కొక్కరికి:

- అద్దం మసకబారకుండా కరెంటుతో వేడెక్కే షీల్డ్ ఉన్న హెల్మెట్, లోపలికి ముఖం కప్పే టోపీలు 2
- గ్లవ్స్ 3 జతలు: నడపడానికి ఒకటి, తడిస్తే మార్చడానికి ఒకటి, విపరీత చలికి మిటెన్లు ఒకటి
- లోపలి పొర బట్టలు 2 జతలు, ఊలు సాక్సులు 4 జతలు
- కాలివేళ్లు కదలడానికి చోటున్న బూట్లు. బిగుతు బూట్లలో రెండు సాక్సులు తొడిగితే రక్తప్రసరణ తగ్గి చలి పెరుగుతుంది
- ఛాతీ, వీపు రక్షణ కవచం
- చేతుల్లో, కాళ్లలో పెట్టుకునే వేడి ప్యాకెట్లు, రోజుకు 2 జతల చొప్పున

పిల్లల బూట్లు, హెల్మెట్ నిరుటివి సరిపోతాయని అనుకోవద్దు. బయలుదేరే వారం ముందు పూర్తిగా తొడిగించి, పదిహేను నిమిషాలు పెరట్లో నిలబెట్టి చూడండి.

5. సామాను, తిండి

బరువైన వస్తువులు సీటు వెనక కిందగా, తేలికవి పైగా కట్టాలి. వెనక బరువు ఎక్కువైతే ముందు స్కీలు తేలి, బండి తిప్పిన వైపు తిరగదు. కాబట్టి సామానులో ఎక్కువ భాగం పెద్దవారి బండి మీదే ఉండాలి.

ఇద్దరే ఉన్న బృందానికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఒకరికి దెబ్బ తగిలితే, రెండోవారు తోడుగా ఉండాలో సాయం కోసం వెళ్లాలో తేల్చుకోవలసి వస్తుంది. క్యాలుమెట్ దాటి ఉత్తరానికి పోయేకొద్దీ సెల్ సిగ్నల్ అడపాదడపానే అందుతుంది. అందువల్ల ఉపగ్రహ సందేశ పరికరం ఈ ప్రయాణానికి విలాసం కాదు. దాన్ని బ్యాగులో కాకుండా ఒంటి మీద పెట్టుకోవాలి, ఎలా వాడాలో పిల్లలకు ఇంట్లోనే నేర్పాలి, ఎందుకంటే దెబ్బ తగిలేది మీకే కావచ్చు.

ఇద్దరికీ కలిపి:

- అదనపు డ్రైవ్ బెల్ట్ (రెండు బండ్లవి వేర్వేరు సైజులైతే రెండు), బెల్ట్ మార్చే సాధనం, స్పార్క్ ప్లగ్‌లు, టూల్ కిట్
- లాగే తాడు, మడిచే పార, హెడ్‌ల్యాంప్
- కాగితపు ట్రైల్ మ్యాప్ (ఫోన్ బ్యాటరీ చలికి ముందు చచ్చిపోతుంది), ఫోన్ లోపలి జేబులో
- ప్రథమ చికిత్స పెట్టె, పొడి అగ్గిపెట్టె, వేడిని నిలిపే దుప్పటి
- టూ-స్ట్రోక్ బండ్లైతే ఇంజిన్ ఆయిల్ ఒక డబ్బా

తిండి విషయంలో మన అలవాట్లు అక్కడ చెల్లవు. పులిహోర మధ్యాహ్నానికి గులకరాళ్ల మూటవుతుంది. పల్లీ చిక్కీని కొరికితే పన్ను పోతుంది. లోపలి జేబులో పెట్టుకున్న జీడిపప్పు, కిస్‌మిస్‌లు, థర్మాస్‌లో పోసిన వేడి మిరియాల చారు మాత్రం ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి. ఇంజిన్ సైలెన్సర్ వేడికి తిండి వెచ్చబడే చిన్న డబ్బాలు అమ్ముతారు. అల్యూమినియం రేకులో చుట్టిన చపాతీ చుట్టలు అందులో చక్కగా వేడెక్కుతాయి. దారిలోని ఊళ్లలో దొరికే పాస్టీ మన కజ్జికాయను అరచేయంత చేసి, బంగాళదుంప, మాంసం కూరినట్టుంటుంది. శాకాహారులు కూరగాయల పాస్టీ ఉందా అని ముందు అడగాలి.

నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత మూసుకుపోదు.

6. ప్రయాణానికి ముందు సాధన

మొదటి రోజు ట్రైల్ ఎక్కకముందు, విశాలమైన చదును చోట గంటసేపు ఈ క్రమంలో చేయించండి.

1. ఇంజిన్ ఆపి: కిల్ స్విచ్‌ను చూడకుండా బొటనవేలితో కొట్టడం, పదిసార్లు. టెథర్ ఒంటికి తగిలించుకోకుండా కీ తిప్పకూడదన్న అలవాటు.
2. నడక వేగంతో: థ్రాటిల్ వదలడం, బ్రేక్ పిండడం, రెండూ విడివిడిగా. కొత్తవారు భయపడ్డప్పుడు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటారు, అప్పుడు బొటనవేలు తెలియకుండానే థ్రాటిల్‌ను నొక్కుతుంది. చాలా పల్టీలకు ఇదే కారణం. ‘భయమేస్తే చేయి వదులు’ అన్న మాటను నోటికి వచ్చేదాకా చెప్పించండి.
3. గంటకు 15 మైళ్లతో: మలుపుకు ముందే వేగం తగ్గించి, శరీరాన్ని మలుపు లోపలికి వంచి, సగం తిరిగాక కొద్దిగా థ్రాటిల్ ఇవ్వడం. మలుపు మధ్యలో బ్రేక్ పిండితే స్కీలు నేరుగా జారిపోతాయి.
4. బండి ఒరిగినప్పుడు: కాలు బయట పెట్టి ఆపబోవద్దని ఒకటికి పదిసార్లు చెప్పాలి. సైకిల్ అలవాటు వల్ల పిల్లలు కాలు చాపుతారు, రెండు వందల కిలోలకు పైబడిన బండి కింద మోకాలు పోతుంది.
5. మెత్తటి మంచులో కావాలని ఇరికించి: ఇంజిన్ రేపకుండా దిగి, ట్రాక్ ముందు మంచును తొక్కి గట్టిపరచి, ఒకరు స్కీని లాగుతుంటే ఇంకొకరు మెల్లగా బయటికి తీయడం.

వీటిలో నాలుగోది మినహా ఏది రాకపోయినా రెండో రోజుకు సర్దుకుంటుంది. నాలుగోది రాకపోతే బయలుదేరవద్దు.

7. ప్రతి రోజూ పాటించవలసిన క్రమం

ఉదయం లేవగానే ముందు రోజు వచ్చిన మంచును, వాతావరణ హెచ్చరికలను చూడండి. లేక్ సుపీరియర్ గడ్డకట్టనంత కాలం వాయవ్య గాలులు ఆ నీటి ఆవిరిని మోసుకొచ్చి కీవినా మీద మంచుగా కుమ్మరిస్తాయి. యూఎస్ 41 రహదారి పక్కన నిలబెట్టిన మంచు కొలబద్ద 1978-79 చలికాలంలో పడిన 390.4 అంగుళాలను చూపిస్తుంది. ఈ రకం మంచు నిమిషాల్లో మొదలై ఎదుటి బండి కనిపించకుండా చేస్తుంది, ఒక్కోసారి అరగంటలో ఆగిపోతుంది కూడా. అది ముంచుకొస్తే ఊళ్లో ఉంటే కదలవద్దు. ట్రైల్ మీద ఉంటే వెలుపలి అంచుకు జరిగి, లైట్లు వెలిగించి ఉంచి, వేగం బాగా తగ్గించాలి.

తర్వాత బండ్లు. ట్రాక్ నేలకు గడ్డకట్టి అతుక్కుని ఉంటే వెనక బంపర్ పట్టుకుని పక్కకు ఊపి వదిలించాలి. థ్రాటిల్, బ్రేక్, ఆయిల్, పెట్రోల్, సామాను కట్లు పిల్లలే చూసి మీకు చెప్పాలి, మీరు ఊరికే వింటే చాలు. మూసిన షెడ్డులోగాని ట్రైలర్‌లోగాని ఇంజిన్‌ను వేడెక్కించవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

పెట్రోల్‌కు ఒకే నియమం: ట్యాంకు సగానికి వచ్చేలోగా ఎక్కడ బంకు కనిపిస్తే అక్కడ నింపాలి. పది గ్యాలన్ల ట్యాంకుతో మెత్తటి మంచులో 100 మైళ్లకు మించి లెక్క వేయకండి. క్యాలుమెట్‌లో నింపకుండా ఉత్తరానికి పోవద్దు.

ముందు ఎవరు నడపాలి? మొదటి రోజు మీరు. రెండో రోజు నుంచి, తేలికైన చోట్ల పిల్లలను ముందుంచండి. వెనక వచ్చేవారికి దారి వేగం తెలియదు, ముందున్నవారు వెళ్లినంత వేగంగా వెళ్లాలన్న ఒత్తిడి మాత్రం ఉంటుంది. ముందుంటే తమ వేగాన్ని తామే నిర్ణయించుకుంటారు, మీకు వారి నడక పూర్తిగా కనిపిస్తుంది. అయితే రోడ్లు దాటే చోట, కొండ శిఖరాల దగ్గర, చివరి గంటలో మళ్లీ మీరే ముందుండాలి.

ప్రతి కూడలి దగ్గర ముందున్నవారు ఆగి, వెనకవారు కనిపించి చేయి ఊపేదాకా కదలకూడదు. రోడ్డు దాటేటప్పుడు పూర్తిగా ఆగి, ఒక్కొక్కరుగా, కలప దుంగల లారీలు వచ్చే వైపు రెండుసార్లు చూసి దాటాలి. ‘నేను దాటాను కదా, నువ్వూ రా’ అన్నట్టు అవతలి నుంచి చేయి ఊపవద్దు. దాటేవారే చూసుకోవాలి.

8. చేతి సంకేతాలు, ట్రైల్ మర్యాద

- ఎడమ చేయి నేరుగా పక్కకు: ఎడమకు తిరుగుతున్నాను
- ఎడమ మోచేయి వంచి, ముంజేయి నిలువుగా: కుడికి
- ఎడమ చేయి నిటారుగా పైకి: ఆగుతున్నాను
- ఎడమ చేయి పక్కకు చాపి కిందికి: నెమ్మది
- బొటనవేలు వెనక్కు చూపడం: నా వెనక ఇంకా బండ్లున్నాయి
- భుజం ఎత్తున పిడికిలి: చివరి బండి నాదే

కొత్తవారు మలుపులో చేయి తీయడానికి తడబడుతుంటే సంకేతాన్ని వదిలేసి రెండు చేతులతో నడపమనండి.

ఎప్పుడూ కుడివైపే ఉండాలి, మలుపు తిరిగిన వెంటనే గాని కొండ దిగే చోట గాని ఆగకూడదు. ఆగినప్పుడు బండ్లను ఒకదాని వెనక ఒకటి నిలిపి, మనుషులు ట్రైల్ మీద కాకుండా బయట నిలబడాలి. సాయంత్రం, రాత్రి వేళల్లో ట్రైల్ చదును చేసే గ్రూమర్ యంత్రం దాదాపు ట్రైల్ వెడల్పంతా ఆక్రమించి వస్తుంది. దాని లైట్లు కనిపించగానే కుడి అంచున పూర్తిగా ఆగిపోవాలి.

చీకట్లో నడపవలసి వస్తే ఒక లెక్క గుర్తుంచుకోండి. గంటకు 40 మైళ్ల వేగమంటే సెకనుకు సుమారు 59 అడుగులు. చూసి, తేల్చుకుని, బ్రేక్ పిండేలోగా ఒకటిన్నర సెకను గడిచిందంటే దాదాపు 90 అడుగులు పోయినట్టే, బండి ఆగడం అప్పుడే మొదలవుతుంది. రాత్రి 25 దాటవద్దు.

గడ్డకట్టిన చెరువుల మీదుగా అడ్డదారి తీయవద్దు. ఎవరి చక్రాల జాడలో, ట్రాక్ జాడలో కనిపించినా సరే. కింద నీరు పారే చోట, పైన మంచు దుప్పటిలా పేరుకున్న చోట ఐస్ మందం అంచనాకు అందదు.

9. దారిలో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

బెల్ట్ తెగడం. ఇంజిన్ ఆపి, టెథర్ తీసి, బండిని ట్రైల్ అంచుకు జరపండి. ఎడమ పక్క మూత తీయండి. బెల్ట్ కాలిపోయేంత వేడిగా ఉంటుంది, గ్లవ్స్ తప్పనిసరి. సాధనంతో వెనక పుల్లీని తెరిచి పాత బెల్ట్‌ను తీయండి. పీచు ముక్కలు ఒక్కటి కూడా మిగలకుండా ఏరండి. కొత్తదాన్ని అక్షరాలు సరిగ్గా చదవగలిగే వైపు పెట్టి తొడగండి. మొదటి 30 మైళ్లు సగం థ్రాటిల్ దాటవద్దు. ఈ పనిని ఇంట్లో షెడ్డులో పిల్లల చేత ఒకసారి చేయించి ఉంటే, మైనస్ చలిలో పది నిమిషాల్లో అయిపోతుంది.

ఇంజిన్ వేడెక్కడం. హెచ్చరిక దీపం వెలిగితే స్క్రాచర్లు దించారా చూడండి. లేకుంటే ఆగి, సీటు కింది భాగానికి మంచు ఎత్తి పోసి చల్లబరిచి, ట్రైల్ అంచున ఉన్న మెత్తటి మంచులో కొంత దూరం నడపండి. రివర్స్ చేసేముందు మాత్రం స్క్రాచర్లను ఎత్తి కట్టాలి, చాలా రకాలు వెనక్కు నడిపితే వంగిపోతాయి.

షీల్డ్ మసకబారడం. ఊపిరి పైకి పోకుండా ముక్కు దగ్గర తొడుగు సరిచేయాలి. గ్లవ్‌తో తుడిచేస్తే గీతలు పడి, సాయంత్రపు ఎండలో ఏమీ కనిపించదు.

దారి తప్పడం. ముందుకు పోయి చూద్దామనుకోవద్దు. చివరగా చూసిన ట్రైల్ నంబర్ పలక దగ్గరికి మీ జాడలోనే వెనక్కు వెళ్లండి. పక్కనున్న ప్రైవేటు స్థలాల్లోకి వెళ్తే ఆ ట్రైల్ మొత్తాన్నే యజమానులు మూసివేయవచ్చు.

10. చలినీ అలసటనూ కనిపెట్టడం

చలేస్తోందా అని అడిగితే టీనేజ్ పిల్లలు లేదంటారు. కాబట్టి అడగకండి, పరీక్షించండి. ప్రతి 45 నిమిషాలకు ఆగి, గ్లవ్స్ తీసి బొటనవేలిని చిటికెన వేలికి తాకించమనండి. తాకించలేకపోతే చేయి మొద్దుబారినట్టే. బుగ్గలు, ముక్కు కొన మీద తెల్లటి మైనం లాంటి మచ్చ కనిపిస్తే వెచ్చటి అరచేతితో కప్పి ఉంచాలి. మంచుతో రుద్దడం పాత మూఢనమ్మకం, కణజాలం మరింత దెబ్బతింటుంది. ఆ రోజు ప్రయాణం దగ్గరి ఊరితో సరి.

అలసట గుర్తులు ఇంకా సూక్ష్మంగా ఉంటాయి: మాటలు ఆగిపోవడం, ఎదురు బండ్లకు చేయి ఊపడం మానేయడం, మధ్యకు జరగడం, బ్రేక్ ఆలస్యంగా పిండడం. రెండు గుర్తులు కలిసి కనిపిస్తే పావుగంట ఆగాలి. మూడు కనిపిస్తే ఎక్కడున్నా సరే బస వెతకాలి. ఇందుకోసమే రద్దు చేసుకోగల బుకింగ్‌లు చేసుకోమంటాను. డబ్బు పోతుందన్న చింతతో చివరి 20 మైళ్లు నడిపించడం నేను చేసిన తప్పు.

వణుకు ఆగకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ‘నాకేం చలి లేదు’ అని బట్టలు వదులు చేసుకుంటున్నా అది అత్యవసర పరిస్థితి. ఉపగ్రహ పరికరం మీద సాయం కోరి, గాలి తగలని చోట పొడి బట్టలు మార్చి, దుప్పటి చుట్టి, స్పృహ బాగుంటేనే వెచ్చటి తియ్యటి పానీయం ఇవ్వాలి.

11. రాత్రి బసలోనూ, తిరిగి వచ్చాకా

గదిలోకి వెళ్లగానే స్నానం కంటే ముందు బట్టలు ఆరబెట్టాలి. బూట్ల లోపలి తొడుగులు, గ్లవ్స్ విడదీసి హీటర్‌కు దగ్గరగా వేలాడదీయండి, హీటర్ మీద మాత్రం పెట్టవద్దు. హెల్మెట్‌ను నేల మీద కాకుండా ఎత్తున తెరిచి ఉంచాలి. తెల్లవారేసరికి తడి మిగిలితే ఆ రోజు మొదటి గంటలోనే చలి పట్టుకుంటుంది.

రాత్రి భోజనం తర్వాత మరుసటి రోజు మ్యాప్‌ను పిల్లల ముందు పెట్టి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ నింపాలి అన్నది వారినే గీయమనండి. తప్పుంటే ఉదయం సరిదిద్దండి. ఇంటి దగ్గర ఉన్నవారికి ఆ దారినీ, చేరవలసిన సమయాన్నీ, ఎన్ని గంటల వరకు కబురు లేకపోతే సాయం కోసం ఫోన్ చేయాలో కూడా సందేశం పంపండి. దారి మార్చుకుని విస్కాన్సిన్ సరిహద్దును ఆనుకున్న యూపీ కౌంటీల్లోకి వెళ్తే గడియారం ఒక గంట వెనక్కు జరుగుతుంది, ఈ లెక్కలో ఆ గంటను మరవవద్దు.

ఇల్లు చేరాక బండ్లను, ట్రైలర్‌ను రోడ్డు మీది ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. బెల్ట్, కార్బైడ్‌లు, ప్లాస్టిక్ పట్టాలు ఎంత అరిగాయో చూసి, పర్యటన తేదీతో పాటు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. పిల్లలకు బూట్లు ఎక్కడ ఒరిసాయో, ఏ గ్లవ్ తడిసిందో ఆ పక్కనే వారి చేతే రాయించండి.